విన్న మనిషి

ఆదివారం పొద్దున్న డ్యూటీ ఎక్కేసరికి దయావతి కోసం రెండు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

ఒకటి నోటీసు బోర్డు మీద ఉంది. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఆడిటోరియంలో సిస్టర్ దయావతి ప్రసంగం, "బ్రిటన్‌లో నా చదువు", అందరూ రావాలి, టీ, కేకు ఉంటాయి. కింద నర్సింగ్ డైరెక్టర్ పెన్నుతో ఇంగ్లీషులో ఒక ముక్క చేర్చింది: ఫొటోలు ఎక్కువ పెట్టు, పాఠాలు తక్కువ పెట్టు. ఏడాదిపాటు లీడ్స్ ఊళ్లో చలికి వణుకుతూ, పన్నెండేళ్ల ఆస్పత్రి అనుభవం మీద మళ్లీ పుస్తకాలు పట్టి పెద్ద డిగ్రీ తెచ్చుకున్నందుకు దక్కిన మర్యాద ఇదీ!

రెండోది హెడ్ నర్సు ఫర్జానా బల్ల మీద ఉంది. గురువారం వార్డులో జరిగిన పొరపాటు మీద రిపోర్టు. అందులో మూడు గడులున్నాయి. ఫోన్లో ఆర్డరు ఇచ్చిన డాక్టరు పేరు ఒక గడిలో ఉంది. ఆర్డరు తీసుకున్న నర్సు, క్రిస్టీనా, సంతకం కూడా ఉంది. మూడో గడి, పక్కనుండి విన్న నర్సుది, ఖాళీగా ఉంది. ఫోన్ ఆర్డరు ఇద్దరు నర్సులు విని సంతకం పెట్టాలన్నది రూలు.

ఫర్జానాది కడప. సౌదీలో ఈ యాన్బు ఊరికి వచ్చి పద్దెనిమిదేళ్లయినా కడపను నోట్లోంచి దించలేదు.

"స్పీకర్లో మాట్లాడినప్పుడు పక్కన నువ్వే ఉండావంట. ఆ పిల్ల చెప్తాంది. నిజమేనా?"

దయావతి చేతులకు శానిటైజర్ రాసుకుంటోంది. అది ఎప్పుడో ఆరిపోయింది. అయినా రుద్దుతూనే ఉంది.

"ఆరో నంబరు మానిటర్ మోగింది మేడమ్. నేను అటు పరిగెత్తాను."

"అది నేనడగలా. విన్న్యావా, లేదా?"

"గుర్తు తెచ్చుకోవాలండి."

ఫర్జానా కళ్లజోడు పైనుంచి ఆమెను ఒకసారి చూసింది. "బుధవారం కమిటీ. ఆ లోపల తెచ్చుకో. ఇంకోటి గూడా చెప్తా విను. ఇప్పుడు సంతకం పెడితే, ఆ పొద్దే ఎందుకు పెట్టలేదని నీకు వార్నింగ్ లెటర్ వస్తాది. లెటర్ వచ్చినోళ్లకు ఏడాది దాకా ఎడ్యుకేటర్ పోస్టు, అదే నువ్వు ఆశ పెట్టుకున్న నర్సులకు పాఠాలు చెప్పే పోస్టు, ఇయ్యరు. పెట్టకపోతే ఆ పిల్లకు ఫైనల్ ఎగ్జిట్, ఉద్యోగం తీసేసి ఇండియాకు పంపిచ్చేస్తారు. చెప్పాల్సింది చెప్పినా."

గుర్తు తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. అక్షరం పొల్లు పోకుండా అంతా గుర్తే. గుండెజబ్బుతో చేరిన ముసలాయనకు రక్తం పల్చబడే మందు డ్రిప్‌లో వెళుతోంది. క్రిస్టీనా పెద్ద డాక్టరు కన్సల్టెంట్‌కి ఫోన్ చేసి, ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు సార్ అంది. "రిపోర్టు కోసం కూర్చోకు, డ్రిప్ పెంచు, ఖలాస్" అన్నాడు ఆయన. క్రిస్టీనా ఆ మాటను తిరిగి అప్పజెప్పింది. ఆయన అవునన్నాడు. దయావతి పక్కనే నిలబడి, తలూపి, సంతకానికి పెన్ను తీసింది. సరిగ్గా అప్పుడే ఆరో నంబరు మోగింది. సాయంత్రానికి ముసలాయనకు ముక్కులోంచి, మూత్రంలోంచి నెత్తురు పడింది. ఐసీయూలో బతికి బయటపడ్డాడు, దేవుడి దయ. కన్సల్టెంట్ మాత్రం, రిపోర్టు చూసుకుని పెంచమన్నాను, ఆ అమ్మాయే చూడలేదు అని రాసిచ్చేశాడు.

దుప్పట్ల గదిలో క్రిస్టీనా ఉతికొచ్చిన వాటిని పదేసి చొప్పున కట్టలు కడుతోంది. మందుల అల్మరాకి ఆమె వేలిముద్ర పనిచెయ్యకుండా ఆపేశారు. రోగి దగ్గరికి వెళ్లొద్దన్నారు. బాపట్ల పిల్ల, ఇరవయ్యారేళ్లు, వచ్చి రెండేళ్లు కాలేదు.

"అక్కా, మేడమ్ అడిగారా?"

"అడిగారే."

"చెప్పేశావా?"

"చెప్తాలే. కంగారు పడకు, నేనున్నాను కదా."

క్రిస్టీనా మొహం విప్పారింది. అంత నమ్మకంగా చూసేసరికి దయావతికి ఒళ్లు మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. కట్టలోంచి జారిన దుప్పటిని తనే తీసి మడతపెట్టి ఇచ్చింది.

సాయంత్రం హాస్టల్ గదిలో దయావతి ప్రసంగానికి ఫొటోలు ఏరుదామని లాప్‌టాప్ తెరిచేసరికి అక్కడున్న నర్సులంతా మంచాల మీద చేరారు. ఎవరో ఉప్మా తెచ్చారు. కిటికీ బయట రిఫైనరీ మంట ఎర్రగా కనిపిస్తోంది.

"ఆ పెద్ద చక్రం ఎక్కావా అక్కా?"

"లేదు."

"రాణిగారి కోట?"

"బయట నుంచి చూశాను. వాన పడుతోంది, వచ్చేశాను."

"అయ్యో, మరి ఏడాది ఏం వెలగబెట్టావు?"

లండన్లో వంతెన ముందు ఒకటి, ఎడిన్‌బరో కోట కింద ఒకటి, యార్క్ ఊరి గోడ మీద రెండు కోట్లు తొడుక్కుని నవ్వుతున్నది ఒకటి. చూపించదగ్గవి పట్టుమని పది లేవు. దయావతి కాసేపు తటపటాయించి, బైబిలు జిప్పు కవరు లోపలి అరలోంచి టికెట్ల కట్ట తీసింది.

"నాటకాలకి వెళ్లేదాన్ని. బుధవారం మధ్యాహ్నం ఆటకి స్టూడెంట్లకి చవక. పైన మూడో అంతస్తులో, స్తంభం వెనకాల సీటు. మెడ సాచి చూడాలి. పద్నాలుగు చూశాను."

"నాటకాలా! అందుకు అంత దూరం వెళ్లావా తల్లీ!" అని ఒకటే నవ్వు. "మీ మందిరంలో తెలిస్తే?"

"మా అమ్మకే చెప్పలేదు. సినిమా హాల్లో అడుగు పెడితేనే ప్రార్థన పెట్టించే మనిషి. మీరు నోరు మూసుకోండి."

నవ్వులయ్యాక, ఉప్మా అయిపోయాక, అందరూ లేచి వెళ్లిపోయారు. క్రిస్టీనా ఒక్కత్తే మంచం అంచున ఉండిపోయి టికెట్లు తిరగేస్తోంది. ఏ నాటకం బాగుందక్కా అని అడిగింది, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

దయావతి చెప్పింది. బొగ్గు గని కూలిపోతే చచ్చిపోయిన వాళ్ల కథ. స్టేజీ మీద ఒకే ఒక ఆడమనిషి. ఆమే తల్లి, ఆమే మేనేజరు, ఆమే గుమాస్తా. భుజాలు కాస్త వెనక్కి విరిస్తే మేనేజరు, ముందుకు వంచితే తల్లి. సగంలో విరామమిస్తే జనం చిన్న చిన్న కప్పుల్లో ఐస్‌క్రీమ్ తిన్నారు. వీళ్లకేం పట్టిందిలే అనుకుంది దయావతి. ఆట అయ్యాక చూస్తే పక్కసీటు పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అంత పెద్ద హాల్లో దగ్గు కూడా వినపడలేదు.

"మరి ఆ మేనేజరుకి శిక్ష పడిందా?"

"నాటకమే పిచ్చిదానా."

"అంటే పడలేదా?"

"అక్కడ పడిందో లేదో గానీ, మా ఊళ్లో అయితే పడింది." దయావతి కాళ్లు మడుచుకుని కూర్చుంది. హుషారొచ్చేసింది ఆమెకి. "నరసాపురం పక్కన మాది. ఏటా క్రిస్మస్ నాటికలో దుర్మార్గుడు హేరోదు రాజు వేషం నాదే, పొడుగ్గా ఉంటానని. మా సంఘం పెద్ద ఒకాయన మందిరం హార్మోనియం పట్టుకెళ్లి తన ఇంట్లో పెట్టుకున్నాడు. అడిగే దమ్ము ఎవరికీ లేదు. ఆ ఏడు నేను హేరోదు కిరీటం పెట్టుకుని, అచ్చం ఆయనలా గొంతు సవరించుకుని, ఈ హార్మోనియం నా కోటలోనే ఉండును అన్నాను. జనం గొల్లుమన్నారు. ఆయన లేచి వెళ్లిపోయాడు. తెల్లారి ఆరాధనకి హార్మోనియం దాని చోట ఉంది! కాగితం లేదు, కమిటీ లేదు."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. క్రిస్టీనా వైపు చూసింది.

"మంగళవారం ఆ కన్సల్టెంట్ కూడా వస్తాడు కదే. మొదటి వరసలో కూర్చుంటాడు."

"అయితే?"

"ఫొటోలు అయిదు నిమిషాలు. ఆ తర్వాత గురువారం జరిగింది జరిగినట్టు చేసి చూపిస్తాను. రెండొందల మంది ముందు. ఏ మొహం పెట్టుకుని అబద్ధమాడతాడో చూద్దాం!"

క్రిస్టీనా టికెట్లన్నీ అంచులు సరిచేసి కట్ట కట్టింది. "అది మీ ఊరక్కా," అంది మెల్లగా.

సోమవారం భోజనాల వేళ దుప్పట్ల గదే రిహార్సల్ గది అయింది. దయావతి తలుపు దగ్గరగా వేసి, బోర్లించిన బకెట్ మీద క్రిస్టీనాని కూర్చోబెట్టింది.

"ఫోన్ చేసేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టావు?"

"డ్రిప్ మెషీన్ మీదక్కా."

"ఆర్డరు దేని మీద రాసుకున్నావు?"

"గ్లౌజు మీద. తర్వాత కాగితం మీదికి ఎక్కించాను."

"ఆఁ, అదీ! గ్లౌజు బాగుంటుంది." దయావతి ఎడమ చేతికి గ్లౌజు తొడుక్కుని వెనకవైపున రాసి చూసుకుంది. "ముసలాయనకి నెత్తురు పడుతోందని తెలిసినప్పుడు ఏం చేశావు?"

"ముక్కుకి గాజ్ గుడ్డ అదిమి పట్టాను. తాత నా చెయ్యి పట్టుకుని ఏదో అరబ్బీలో అంటున్నాడు. నాకు అర్థం కాలేదక్కా. బిన్తీ, బిన్తీ అన్నాడు, కూతురా అని. అదొక్కటే తెలిసింది." ఆ పిల్ల ఏడ్చేసింది. కళ్లను వేళ్లతో తుడుచుకోకుండా మణికట్టుతో ఒత్తుకుంది. గ్లౌజులు అలవాటైన చేతులు కదా, అలాగే తుడుచుకుంటాయి.

దయావతికి జాలేసింది. జాలి వేసిందన్నది నిజమే. ఆ వెంటనే, ఆ మణికట్టు విషయం భలే ఉందే, రేపు చివర్లో అదే చెయ్యాలి అని కూడా అనిపించింది. అనిపించినందుకు కాస్త సిగ్గుపడి, ఆ పిల్ల భుజం నిమిరింది.

"అక్కా, ఇదంతా బాగుంది గానీ," క్రిస్టీనా ముక్కు ఎగబీల్చింది. "ఆ కాగితం మీద కూడా పెడతావు కదా?"

"ముందు రేపటిది కానివ్వవే. అందరూ విన్నాక ఒక్క సంతకం ఎవరిక్కావాలి?"

"కమిటీకి కావాలి కదక్కా."

"అబ్బా, మళ్లీ అదే మాట! నేను నీ కోసం కాకపోతే ఎవరి కోసం పడుతున్నానే ఇంత?"

క్రిస్టీనా లేచి బకెట్‌ని యథాస్థానంలో పెట్టి, మిగిలిన దుప్పట్లు లెక్కపెట్టుకోవడానికి వెళ్లింది.

మంగళవారం ఆడిటోరియం నిండిపోయింది. కేకు మహిమ అంతా. మొదటి వరసలో డైరెక్టర్, ఆమె పక్కన కన్సల్టెంట్, ఆయన ఒళ్లో కేకు పళ్లెం. ఆఖరి వరసలో గోడవార క్రిస్టీనా.

వంతెన ఫొటోకి ఆహా అన్నారు. కోట ఫొటోకి ఓహో అన్నారు. రెండు కోట్ల ఫొటోకి నవ్వారు. ఆ తర్వాత దయావతి ప్రొజెక్టర్ ఆపించి, కుర్చీ ఒకటి మధ్యకి లాగి, ఎడమ చేతికి గ్లౌజు తొడుక్కుంది. అక్కడ నాటకాలు ఎలా ఆడతారో చూపిస్తాను, ఇది మన వార్డు కథే అని ఇంగ్లీషులో అంది.

కుర్చీకి ఇటువైపు ఉంటే క్రిస్టీనా. అటువైపు వెళ్లి, భుజాలు విరిచి, ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకుంటే కన్సల్టెంట్. మొదటి ఖలాస్‌కే తలలన్నీ మొదటి వరసవైపు తిరిగాయి. దయావతి ఇదీ, ఇప్పుడు పట్టుకున్నాను అనుకుంది.

కన్సల్టెంట్ నవ్వాడు. పళ్లెం పక్కన పెట్టి, తొడ మీద చరుచుకుంటూ, పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాక నవ్వకుండా ఎవరుంటారు? రెండో ఖలాస్‌కి హాలంతా నవ్వింది. మూడో ఖలాస్ కోసం ఎదురుచూసింది.

దయావతి ఆపలేదు. రిపోర్టు రాలేదు సార్ అన్న మాట, కూర్చోకు పెంచు అన్న మాట, తిరిగి అప్పజెప్పిన మాట, గ్లౌజు మీద రాత. ముసలాయన ముక్కు దగ్గరికి వచ్చేసరికి నవ్వులు తగ్గాయి. బిన్తీ దగ్గర పూర్తిగా ఆగాయి. చివర్లో గ్లౌజు తీసి, మణికట్టుతో కళ్లు ఒత్తుకుని నిలబడింది. చీమ చిటుక్కుమనలేదు. లీడ్స్‌లో మూడో అంతస్తులో తను విన్న నిశ్శబ్దం, అదే, ఇప్పుడు తన ముందు ఉంది. ఇంకో రెండు క్షణాలు అలాగే ఉండి ఉంటే ఎవరో ఒకరు లేచి ఏదో ఒకటి అడిగి ఉండేవారేమో.

డైరెక్టర్ చప్పట్లు కొట్టింది. హాలంతా లేచి నిలబడి కొట్టింది. దయావతి కుడిచెయ్యి గుండె మీదికి వెళ్లింది. నడుము వంగింది. మధ్యలో ఒకసారి, ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి. అక్కడ నటులు అలాగే వంగేవారు. పద్నాలుగుసార్లు చూసి చూసి ఒంటికి పట్టేసింది. వంగిన మనిషి లేచేసరికి ఇక అది గురువారం కాదు, వట్టి నాటకం. ఆ సంగతి ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి కూడా, చెప్పొద్దూ, ఆ చప్పట్లు తియ్యగా ఉన్నాయి.

డైరెక్టర్ మైకు అందుకుంది. బ్రిటన్ చదువంటే ఇదీ అంది. నర్సులకు ఇలాగే నేర్పాలి, ఈ స్కిట్ ప్రతి వార్డులోనూ వెయ్యాలి, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి సిస్టర్ దయావతి మన నర్స్ ఎడ్యుకేటర్ అంది. మళ్లీ చప్పట్లు. కన్సల్టెంట్ వచ్చి చెయ్యి కలిపి, నేను మరీ అంత గట్టిగా అరుస్తానా అని నవ్వి, ఆమె పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఆ ఫొటోలో దయావతి కూడా నవ్వుతూనే ఉంది.

ఆఖరి వరసలో క్రిస్టీనా చప్పట్లు కొడుతోంది. పక్కవాళ్లు కొడుతుంటే ఊరికే కూర్చుంటే బాగుండదు కదా.

బుధవారం ఎనిమిదింటికి ఫర్జానా ఆ కాగితాన్ని మళ్లీ బల్ల మీద పరిచింది.

"ఏం దయా, గుర్తొచ్చిందా?"

"నిన్న అందరి ముందూ చూపించాను కదండీ."

"నాటకం చూపించినావు. బాగుండాది, నేను గూడా చప్పట్లు కొడ్తిని. కమిటీకి కాగితం కావల్ల."

దయావతి జేబులో మూడు పెన్నులున్నాయి. ఇంకో జేబులో డైరెక్టర్ నిన్న సాయంత్రమే పంపిన పోస్టింగ్ లెటర్ నాలుగు మడతల్లో ఉంది. పెన్ను తీసింది. మూత తీసింది. గడి ఎంతుంది? అంగుళం ఉంటుందేమో. పేరు పట్టడానికి అది చాలు. ఒక్క నెల ఆగి పోస్టులో కూర్చున్నాక, ఇలాంటి పిల్లలెందరికి సాయం చెయ్యొచ్చో అని ఆలోచించింది. అది తను ఆ రోజే కనిపెట్టిన ఆలోచన కాదు, ఆదివారం నుంచీ దాన్నే నీళ్లు పోసి పెంచుతోంది.

"నాకు సరిగ్గా గుర్తు లేదు మేడమ్."

ఫర్జానా స్కేలు పెట్టి ఖాళీ గడిలో అడ్డంగా గీత గీసింది. కమిటీ పదకొండు నిమిషాల్లో ముగిసింది. గురువారం సాయంత్రం నాలుగింటికి మదీనా విమానాశ్రయానికి వ్యాను. ఆ పిల్ల ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, తీసుకుని, ఫైనల్ ఎగ్జిట్ కాగితం చేతిలో పెట్టారు.

గురువారం మూడున్నరకి దయావతి ఖర్జూరం డబ్బా ఒకటి కొని క్రిస్టీనా గదికి వెళ్లింది. సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. క్రిస్టీనా తెల్ల యూనిఫారాలు రెండూ మడిచి, ఒకసారి చూసి, సూట్‌కేసులో పెట్టకుండా కుర్చీ మీద ఉంచింది.

"ఎక్కడైనా దొరుకుతుందే ఉద్యోగం. నేను రికమెండేషన్ రాసిస్తాను. ఎడ్యుకేటర్ రాస్తే విలువుంటుంది."

"సరే అక్కా."

"కోపంగా ఉందా నా మీద?"

"లేదక్కా." క్రిస్టీనా నిజంగానే కోపంగా లేదు. డబ్బా అందుకుని బట్టల మధ్య సర్దింది. "ఎంత బాగా చేశావో! నా చెయ్యి, నా ఏడుపు, అన్నీ అచ్చం నావే. డాక్టర్ని కూడా దించేశావు. నెత్తురు చూడకుండానే నెత్తురు చూసినట్టు చేశావు. ఒక్కటి అడగనా?"

"అడుగు."

"ఆ రోజు అక్కడ ముగ్గురం ఉన్నాం కదా. ఆయన ఫోన్లో, నేను మెషీన్ దగ్గర, నువ్వు నా పక్కన. మరి నాటకంలో నువ్వు లేవేంటక్కా?"

బయట వ్యాను హారన్ కొట్టింది. దయావతి కుర్చీ మీది యూనిఫారాలు తీసి, మడతలు సరిగ్గానే ఉన్నా మళ్లీ విప్పి మడవసాగింది.

"టైము చాల్లేదే," అంది. "పదిహేను నిమిషాలే కదా ఇచ్చారు."

"అవునక్కా," అంది క్రిస్టీనా. సూట్‌కేసు జిప్పు లాగి, రెండు చేతులతో కిందికి దించింది.